షుగర్ టెస్టుకు రెండు గంటలు, చేతిలో ఒక నవల

"చదువుదామంటే ఓపిక ఉండడం లేదు మేడమ్" అనే మాట మా ల్యాబులో తరచూ వింటుంటాను. ఆ మనిషే రిపోర్టు వచ్చేలోగా ఫోన్లో ఎవరో పంపిన మూరెడు మెసేజీని చివరి దాకా చదివి, ఇంకో పదిమందికి పంపుతాడు. కాబట్టి ఓపిక పోయిందంటే నేను నమ్మను. అర్థం కాని సంగతిని కాసేపు అలాగే వదిలేసి ముందుకు పోవడం మనం మర్చిపోయాం. చిన్నప్పుడు అది మనకు బాగా వచ్చు. "రాజుకు మౌనభంగం కలగగానే" అని చందమామలో ప్రతి నెలా చదివాం. మౌనభంగం అంటే ఏమిటని ఆగి అడిగినవాళ్ళు మా వీధిలో ఎవరూ లేరు. బేతాళుడు మళ్ళీ చెట్టెక్కాడు, మాకు అది చాలు. ఇప్పుడైతే ఒక మాట తెలియకపోతే గూగుల్ తెరుస్తాం, అక్కడి నుంచి యూట్యూబుకు పోతాం, పుస్తకం మంచం మీద బోర్లా పడి ఉంటుంది.

ఆ అలవాటు తిరిగి రావాలంటే సైన్స్ ఫిక్షన్ నవలలతో, అంటే సైన్సును పట్టుకుని ఊహించి అల్లిన కథలతో, మొదలుపెట్టమని నా సలహా. ఈ మాటంటే చాలామంది జడుసుకుంటారు, "మాది కామర్స్ మేడమ్" అంటారు. గ్రూపుతో పనేం లేదు. ఈ రకం నవలలో రచయిత కావాలనే మొదట్లో ఏమీ విప్పి చెప్పడు. తీసుకుపోయి కొత్త లోకంలో దింపేస్తాడు. ఫిజిక్స్ లెక్చరర్‌కైనా, కిరాణా కొట్టాయనకైనా మొదటి పేజీల్లో అంతా అయోమయమే. మిగతా నవలల్లో అర్థం కాకపోతే లోపం మనదేమో అని చిన్నబోతాం. ఇక్కడ అర్థం కాకపోవడమే ఆటలో భాగం.

నాది కర్నూలు. పెద్దాసుపత్రి దగ్గర చిన్న ల్యాబు నడుపుతున్నాను. పుట్టిల్లు అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు. పెళ్ళప్పుడు అత్తగారింటికి తెచ్చుకున్న ట్రంకు పెట్టెలో చీరల కంటే చందమామలు, వారపత్రికల్లోంచి చింపి బైండు చేయించుకున్న సీరియళ్ళు ఎక్కువ. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర, హంద్రీ కలిసి మా పాతబస్తీ ఇంటి మీదికి వచ్చినప్పుడు ఆ పెట్టె మొత్తం బురద ముద్ద అయింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు నేను నవల ముట్టలేదు. మళ్ళీ ఎలా ముట్టానో, మా ల్యాబు బెంచీ మీద కూర్చున్నవాళ్ళ చేత ఎలా ముట్టిస్తున్నానో చెబుతాను. మీకు పనికొచ్చినంత తీసుకోండి.

కదలలేని సమయం వెతుక్కోండి

రాత్రి పడుకునే ముందు చదవమని అందరూ చెబుతారు. నా అనుభవంలో అది చదవడానికి కాదు, నిద్రపోవడానికి పనికొస్తుంది. పొద్దంతా పనిచేసి వచ్చిన కళ్ళకు రెండో పేజీలోనే అక్షరాలు అలుక్కుపోతాయి. మర్నాడు ఎక్కడున్నామో గుర్తుండదు, మళ్ళీ అదే పేజీ. అలా వారం గడిస్తే పుస్తకం మీదే విసుగొస్తుంది.

దానికి బదులు రోజులో మీరు ఎటూ పోలేని సమయం ఏదో చూసుకోండి. మా దగ్గర అది షుగర్ టెస్టు. పొద్దున ఖాళీ కడుపుతో ఒకసారి రక్తం ఇచ్చి, టిఫిన్ తిని, రెండు గంటలకు మళ్ళీ ఇవ్వాలి. గర్భిణులకైతే 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించి కూర్చోబెడతాం. రెండు గంటలు ఏమీ తినకూడదు, బజారుకు పోయి రాకూడదు. మొదటి అరగంట అందరూ ఫోన్లోనే ఉంటారు. తర్వాత చార్జింగ్ అయిపోతుంది, లేదా విసుగొస్తుంది. అప్పుడు తల పైకెత్తితే ఎదురుగా కనిపించే ఎత్తులో ఒక చెక్క అర కొట్టించి పుస్తకాలు పెట్టాను. తీసుకోమని నేను ఎవరికీ చెప్పను. చెబితే అది హోమ్‌వర్క్ అయిపోతుంది.

మీకు షుగర్ లేకపోతే సంతోషం. ట్యూషన్ బయట పిల్లల కోసం స్కూటీ మీద కూర్చునే ముక్కాలు గంట ఉంటుంది, హైదరాబాద్ బస్సు ఉంటుంది, ఏప్రిల్ మధ్యాహ్నం కరెంటు పోయి ఎండకు బయటికి కాలు పెట్టలేని సమయం ఉంటుంది. అప్పుడు ఫోను సంచిలో అడుగున ఉండాలి, పుస్తకం పైన. ఈ వరస తిరగబడితే మిగతా సలహాలన్నీ వృథా.

నా వంతు చదువు ముక్కలు ముక్కలుగా సాగుతుంది. తీసిన రక్తం గడ్డకట్టడానికి అరగంట, ట్యూబులను గిర్రున తిప్పే యంత్రం సెంట్రిఫ్యూజ్‌లో తిరగడానికి పది నిమిషాలు. ఆ మధ్యలో గ్లౌజులు తీసేసి, చేతులు కడుక్కుని, ముందు గదిలోకి వచ్చి చదువుతాను. పనిచేసే టేబుల్ మీదికి పుస్తకం రానివ్వను, అది ల్యాబు శుభ్రతకూ మంచిది, పుస్తకానికీ మంచిది.

లావు పుస్తకంతో మొదలుపెట్టొద్దు

చదవడం మానేసినవాళ్ళు తిరిగి మొదలుపెట్టేటప్పుడు రోషానికి పోయి అందరూ గొప్పదన్న ఆరువందల పేజీల పుస్తకం కొంటారు. అది మూడు నెలలు టీవీ పక్కన ఉండి, తర్వాత అటక ఎక్కుతుంది. ముందు ఒక కథ పూర్తి చేయండి. పూర్తి చేశానన్న తృప్తి నోటికి తగలాలి.

నేను మొదట ఇచ్చేది ఆర్థర్ సి. క్లార్క్ 1953లో రాసిన 'ది నైన్ బిలియన్ నేమ్స్ ఆఫ్ గాడ్'. టిబెట్‌లో ఒక మఠం. దేవుడికి ఉండగలిగిన పేర్లన్నీ రాసి ముగిస్తే సృష్టి పని పూర్తవుతుందని అక్కడి సన్యాసుల నమ్మకం. చేత్తో రాస్తే వేల ఏళ్ళు పడుతుందని అమెరికా నుంచి ఒక కంప్యూటర్‌ను, దానితోపాటు ఇద్దరు ఇంజనీర్లను తెప్పించుకుంటారు. ఇంతవరకే చెబుతాను. పొద్దున్నే విష్ణు సహస్రనామం వినే ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఈ కథ లోపలికి పోవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. వెయ్యి పేర్లు మనకు తెలుసు, ఆయన తొమ్మిది వందల కోట్లు అంటున్నాడు, అంతే తేడా. కథ చిన్నది. ఇంగ్లీషు నెమ్మదిగా చదివేవాళ్ళకు కూడా షుగర్ టెస్టు రెండు గంటల్లో అయిపోయి, చివరి వాక్యం రెండోసారి చదువుకునే టైం మిగులుతుంది.

తర్వాత హెచ్.జి. వెల్స్. ఈయన నవలలు పల్చగా ఉంటాయి. 1946లో చనిపోయాడు కాబట్టి మన దేశంలో కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది, పాత పుస్తకాలు పెట్టే వెబ్‌సైటు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో నాకు ప్రాణం 1897 నాటి 'ది ఇన్విజిబుల్ మ్యాన్'. మనిషి కనపడకుండా పోవడం మన జానపద సినిమాల్లో బోలెడుసార్లు చూశాం, పసరు పూసుకుంటే మాయం. వెల్స్ అలా వదిలిపెట్టడు. కనపడకుండా పోయినవాడు అన్నం తింటే, అది అరిగి ఒంట్లో కలిసేదాకా బయటికి కనిపిస్తుంది. మంచులో నడిస్తే మంచు ఒంటికి అంటుకుని ఆకారం బయటపడుతుంది. అన్నిటికంటే నన్ను పట్టుకున్నది రక్తం సంగతి. గ్రిఫిన్ అనే ఆ మనిషికి దెబ్బ తగులుతుంది. రక్తం కారుతున్నప్పుడు కనపడదు, గడ్డకట్టేకొద్దీ కనపడడం మొదలవుతుంది. బతికున్న కణాలనే తాను మార్చగలిగానని అతనే అంటాడు. రోజూ ట్యూబులో రక్తం గడ్డకట్టడం చూసేదాన్ని, ఆ చోట పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. ఎక్కడో ఇంగ్లండులో కూర్చున్నాయన నా టేబుల్ మీది సంగతిని కథలో పెట్టుకున్నాడు!

మీ వృత్తి ఏదైనా సరే, దానికి దగ్గరగా వచ్చే నవలతో మొదలుపెడితే సగం పని అయిపోయినట్టే. క్రిమికీటకాలతో బతికేవాళ్ళకు 1898 నాటి 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' ఇవ్వండి. అంగారకుడి నుంచి వచ్చినవాళ్ళను ఇంగ్లీషువాళ్ళ ఫిరంగులు ఆపలేవు, చివరికి మన బాక్టీరియా చంపుతుంది. ముగింపు చెప్పేసిందని తిట్టుకోకండి, నూరేళ్ళు దాటిన రహస్యం ఇది. చరిత్ర ఇష్టమున్నవాళ్ళకు జూల్స్ వెర్న్ మంచిది. జలాంతర్గామిలో తిరిగే ఆయన కెప్టెన్ నెమో అసలు పేరు డక్కర్, బుందేల్‌ఖండ్ రాజకుమారుడు, టిప్పు సుల్తాన్‌కు బంధువు. 'ది మిస్టీరియస్ ఐలాండ్' నవలలో ఆ గుట్టు బయటపడుతుంది. టిప్పు రాజ్యంలోంచి నిజాముకు, నిజాము దగ్గర్నుంచి ఇంగ్లీషువాళ్ళకు చేతులు మారిన దత్తమండలాల మనుషులం, మనకు ఆ నెమో పరాయివాడు కాడు.

మొదటి ముప్పై పేజీలు

అసలు కష్టం ఇక్కడే. వెల్స్ 'ది టైమ్ మెషీన్' తీసుకోండి. మొదలే భోజనాల తర్వాత నలుగురు పెద్దమనుషులు కూర్చుని నాలుగో డైమెన్షన్ గురించి వాదించుకుంటారు. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆ వాదన సగమే అర్థమైనా నష్టం లేదు, యంత్రం కదిలే దాకా పోండి. 8,02,701వ సంవత్సరంలో ఆగిన తర్వాత మిమ్మల్ని పుస్తకమే పట్టుకుంటుంది.

నేను పాటించే పద్ధతి చెబుతాను. పెన్సిల్ ఒకటి దగ్గర పెట్టుకోండి. తెలియని మాట కనపడితే పక్కన చిన్న చుక్క పెట్టి ముందుకు పోండి. అదే మాట మళ్ళీ వస్తే ఇంకో చుక్క. మూడోసారి వచ్చేసరికి తొంభై శాతం దానంతట అదే అర్థమై ఉంటుంది. కాకపోతే అప్పుడు వెతకండి, ఆ మాటకు అంత గౌరవం దక్కింది. ఒక్కసారే కనిపించి పోయిన మాటను అసలు పట్టించుకోవద్దు. లైబ్రరీ పుస్తకమైతే చుక్కలు పెట్టకుండా చీటీ మీద రాసుకోండి.

ముప్పై పేజీలు ఇలా నడిచినా లోపలికి పోలేకపోతే మూసేయండి. మొహమాటం వద్దు. డబ్బులు పెట్టి కొన్నాం కదా అని చదివే నవల ఎవరికీ సుఖం ఇవ్వదు. ఏడాదికి ఇన్ని పుస్తకాలని శపథాలు చేసి స్టేటస్ పెట్టేవాళ్ళను కూడా చూశాను. వాళ్ళు సన్న పుస్తకాల కోసం వెతకడం తప్ప ఏమీ చేయరు.

ఇంగ్లీషు గురించి ఒక మాట. మొత్తంగా భయమైతే తెలుగులో ఉన్నవాటితో మొదలుపెట్టండి. యండమూరి 'చీకట్లో సూర్యుడు' చాలామందికి ఈ దారి తెరిచిన నవల. అయితే తెలుగులో ఈ రకం తక్కువే, త్వరగా అయిపోతాయి. ఇంగ్లీషుకు వచ్చేటప్పుడు ఈ రకం రచయితల్లో క్లార్క్‌, అసిమోవ్‌లది తేట భాష. ఇంటర్ దాకా చదివిన ఇంగ్లీషు సరిపోతుంది, బింకం లేని వాక్యాలు. క్లార్క్‌ది 1973 నాటి 'రాండెవూ విత్ రామా' ముక్కలుగా చదువుకునేవాళ్ళకు కుదిరే నవల, అధ్యాయాలు చాలా చిన్నవి. సౌర కుటుంబంలోకి ఎక్కడి నుంచో ఒక పెద్ద గొట్టం వస్తుంది, పొడవు 50 కిలోమీటర్లు. అంటే ఇంచుమించు కర్నూలు నుంచి డోన్ దాకా ఒకే గొట్టం. దానికి రామ అని పేరు పెడతారు, ఎందుకంటే గ్రీకు, రోమన్ దేవతల పేర్లు అప్పటికే అయిపోయి, శాస్త్రవేత్తలు మన దేవుళ్ళ మీద పడ్డారు. లోపల ఎవరున్నారు అనే ఒక్క ప్రశ్నతో నవలంతా లాక్కుపోతాడు.

కరువు తెలిసినవాళ్ళ నవల

కొంచెం అలవాటయ్యాక, అంటే రెండు మూడు పల్చటి నవలలు ముగించాక, ఫ్రాంక్ హెర్బర్ట్ 'డ్యూన్' పట్టుకోండి. 1965లో వచ్చింది, బాగా లావు. సినిమా చూసినా ఫర్వాలేదు. చివర్లో ఆ లోకపు మాటలకు అర్థాల పట్టిక ఉంటుంది, దాని జోలికి పోకండి. పోయారంటే ప్రతి పేజీకి వెనక్కీ ముందుకీ తిప్పుతూ నవల కాకుండా నిఘంటువు చదివినట్టవుతుంది.

దీన్ని నేను ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. అది ఎడారి గ్రహం. అక్కడి ఫ్రెమెన్ జనం చెమటను, ఊపిరిలోని తేమను కూడా పోనివ్వకుండా పట్టి మళ్ళీ తాగే నీళ్ళుగా మార్చే దుస్తులు వేసుకుంటారు. ఒకచోట వాళ్ళ నాయకుడు స్టిల్గార్ కొత్తగా వచ్చిన ప్రభువు ముందు, బల్ల మీద ఉమ్మేస్తాడు. చుట్టూ ఉన్న భటులు కోపంతో లేస్తారు. ఆ జనం సంగతి తెలిసిన ఒకడు వాళ్ళను ఆపి, నీ ఒంట్లో నీటిని మాకు కానుకగా ఇచ్చినందుకు సంతోషమని తానూ ఉమ్ముతాడు. ఇంకోచోట హీరో పాల్, తన చేతిలో చనిపోయినవాడి కోసం ఏడుస్తాడు. చచ్చినవాడికి నీళ్ళు ధార పోస్తున్నాడని చుట్టూ ఉన్నవాళ్ళు నివ్వెరపోయి, అతని చెంప తడిని వేలితో తాకి చూస్తారు.

కళ్ళు తెరిచినప్పటి నుంచి ట్యాంకరు వెనక బిందెల వరస చూసినవాళ్ళకు ఇది ఊహ అనిపించదు. మా అవ్వ బియ్యం కడిగిన నీళ్ళు ఎనుముకు, గిన్నెలు తొలిచిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోసేది. స్నానం నీళ్ళు ఊరికే మోరీలోకి పోతే ఇంట్లో గొడవ. ఆ పేజీలు చదువుతుంటే రచయిత ఏ అమెరికావాడో అన్న సంగతే మర్చిపోయాను. సీమవాళ్ళు ఈ నవలను కోస్తావాళ్ళ కంటే బాగా చదవగలరని నా గట్టి నమ్మకం. వాదించేవాళ్ళు వేసవిలో ఒకసారి మా పుట్టింటికి రండి, నీళ్ళు మీరే తోడుకుందురుగాని.

తప్పులు పట్టుకోవడం కూడా సుఖమే

సైన్సు నిజమా కాదా అని చదివేటప్పుడు ఆలోచించవద్దు. అయిపోయాక ఆలోచించండి, అప్పుడు అదో సరదా. ఆండీ వీర్ 'ది మార్షియన్' చూడండి. రచయిత మొదట తన వెబ్‌సైట్లో ఒక్కో అధ్యాయం పెట్టుకుంటూ పోయి, 2011లో సొంతంగా వేసుకున్న నవల అది. అంగారకుడి మీద ఒంటరిగా మిగిలిపోయిన మార్క్ వాట్నీ అనే వృక్షశాస్త్రవేత్త అక్కడి మట్టిలో మనుషుల మలం ఎరువుగా వేసి ఉర్లగడ్డలు పండిస్తాడు. లెక్కలన్నీ వేసి చూపిస్తాడు: ఎన్ని కేలరీలు, ఎన్ని నీళ్ళు, ఎన్ని రోజులు. మా బెంచీ మీద చదివిన ఒక రైతు, "అంతా బాగుంది గానీ మేడమ్, పురుగు పట్టకుండా పంట ఎట్లొచ్చె?" అని అడిగాడు. అంగారకుడి మీద పురుగు ఉండదు కదన్నా అంటే, "అయితే ఆడికే పోదాం పద" అన్నాడు.

అసలు తప్పు వేరేచోట ఉంది. హీరో ఒంటరివాడు కావడానికి కారణమైన దుమ్ము తుఫాను అక్కడ అంత బలంగా రాదు. అంగారకుడి మీద గాలి ఒత్తిడి మన భూమి మీద ఉన్నదాంట్లో నూటికి ఒక వంతు కూడా లేదు, ఎంత వేగంగా వీచినా మనిషిని ఎగరగొట్టలేదు. ఈ సంగతి రచయితే ఒప్పుకున్నాడు. ఇలాంటివి పట్టుకున్నప్పుడు నవల విలువ తగ్గదు, మనకు ఆ రోజు కాఫీ బాగుంటుంది.

పుస్తకాలు ఎక్కడ

ముందు జిల్లా కేంద్ర గ్రంథాలయానికి పోండి. పేపర్లు చదివే హాలు దాటి లోపలికి పోతే నవలల బీరువాలు ఉంటాయి. సభ్యత్వం తీసుకోవడం కష్టమేం కాదు. ఇంగ్లీషు సైన్స్ ఫిక్షన్ అంతగా ఉండదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. హైదరాబాద్ పోయే పని ఆదివారం పెట్టుకుంటే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. అసిమోవ్, క్లార్క్ పాత పేపర్‌బ్యాకులు అక్కడే దొరికాయి నాకు. అక్షరాలు మరీ సన్నగా ఉంటే కొనకండి. నలభై దాటినవాళ్ళు చదవడం మానేయడానికి కారణం మనసు కంటే కళ్ళద్దాలే ఎక్కువసార్లు, ముందు పవర్ చూపించుకోండి. ఫోన్లోనో కిండిల్‌లోనో చదివితే అక్షరం పెద్దది చేసుకోవచ్చు, ఫోనైతే ఏరోప్లేన్ మోడ్ పెట్టాలి. ఆడియో పుస్తకాలు వంట చేస్తూ వినడానికి బాగుంటాయి గానీ తిరిగి మొదలుపెట్టేవాళ్ళకు నేను చెప్పను. పోపు మాడే వాసన వచ్చే టైముకు కథలో ఎవరు చచ్చారో తెలియదు.

లియు సిషిన్ 'ది త్రీ బాడీ ప్రాబ్లమ్' దాకా వచ్చారంటే మీకు నా సలహాలు ఇక అక్కర్లేదు. చైనా భాషలో 2008లో పుస్తకంగా వచ్చింది, కెన్ లియు ఇంగ్లీషు చేశాక 2015లో సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో అవార్డు తెచ్చుకుంది. చైనాలో మావో నడిపిన సాంస్కృతిక విప్లవం రోజులతో మొదలవుతుంది. చైనా పేర్లు కలగాపులగం అవుతాయి కాబట్టి ఒక చీటీ మీద ఎవరు ఎవరికి ఏమవుతారో రాసి అట్ట లోపల పెట్టుకోండి. మా అర మీది కాపీలో ఆ చీటీ నేను రాసిందే ఉండేది. రిటైరైన ఒక కండక్టర్ పెద్దాయన ఇంటికి తీసుకుపోయి తెచ్చినప్పుడు దాని వెనక ఆయన రాసుకున్నవి కూడా ఉన్నాయి, టికెట్లు కొట్టిన చెయ్యి కదా, అన్నీ వరస నంబర్లతో. "రెండో భాగం ఎప్పుడు తెప్పిస్తావమ్మా, మూడు నెలలకు మళ్ళీ షుగర్ చూపించుకోవల్ల గదా" అన్నాడు. పుస్తకం ఇంటికి ఇచ్చేటప్పుడు మాత్రం పేరు, ఫోను నంబరు నోట్‌బుక్కులో రాయించుకోండి, ఎంత తెలిసినవాళ్ళైనా సరే.